సువార్తమ్మ కోళ్ళు ఎలా చచ్చిపోయాయి

గేదెకు జబ్బు చేస్తే ఇంటాయన ఆసుపత్రికి వస్తాడు. కోడికి జబ్బు చేస్తే ఇంటామె వస్తుంది. వచ్చి, దారిన పోతూ ఆగినట్టు గుమ్మం పక్కన నిలబడుతుంది. ఎద్దులు, గేదెలు, గొర్రెలు అన్నీ అయిపోయి మేము బల్ల సర్దుకునే వేళకు కొంగు చాటునుంచి గంప బయటికి తీస్తుంది. అప్పటికి ఆ కోడి సగం చచ్చి ఉంటుంది. "ఇంక ఇది బతకదులేమ్మా, కోసుకోండి" అంటాం. నా ఉద్యోగంలో ఈ మాట ఎన్నిసార్లు అన్నానో నాకే తెలియదు. ఆ గంప మోసుకొచ్చిన ఆవిడ ఇంట్లో ఇంకా ఎన్ని కోళ్ళున్నాయని అడిగిన సందర్భాలు మాత్రం వేళ్ళమీద చెప్పగలను.

ముప్పై మూడేళ్ళు గిద్దలూరు, బేస్తవారిపేట, మార్కాపురం చుట్టుపక్కల పశువుల ఆసుపత్రుల్లో పనిచేశాను. కాగితాల మీద నా హోదా రెండు మూడుసార్లు మారింది. జనం నోట్లో మాత్రం చివరిదాకా కాంపౌండర్నే. ఇప్పుడు ఊరూరా పశువుల పనిలో కొత్తగా చేరుతున్న పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వచ్చి, మీ అనుభవాలు చెప్పండి సార్ అని అడుగుతారు. వాళ్ళకు కాన్పు కష్టమైన గేదెల సంగతులు చెబుతుంటాను. అవన్నీ నేను గెలిచినవి. కోళ్ళ సంగతి ఒకటుంది. దాన్ని ఎవరికీ చెప్పలేదు. మీకు పనికొచ్చేది అదొక్కటే కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

ముడుచుకున్న కోడి

కోడి జబ్బును దాచుకుంటుంది. చివరిదాకా మేత పొడుస్తున్నట్టే నటిస్తుంది. అది రెక్కలు వాల్చి, మెడ లోపలికి లాక్కుని ఒక మూల ముడుచుకుందంటే, జబ్బు మొదలై అప్పటికే రెండు మూడు రోజులైందని అర్థం. కాబట్టి ముడుచుకున్న కోడిని చూడగానే మొదట చేయవలసింది మందు వెతకడం కాదు. దాన్ని మిగతా వాటి నుంచి వేరు చేయాలి. ఏ జబ్బో తర్వాత తీరిగ్గా చూసుకోవచ్చు. ఈ మాట నాకు చదువులో కూడా చెప్పారు. కానీ ఎలా చేయాలో చూపించింది సువార్తమ్మ.

బేస్తవారిపేటకు దగ్గరలోనే ఒక ఊరు. పేరు రాయను. ఆ ఊళ్ళో క్రైస్తవుల ఇళ్ళన్నీ దాటాక, చిట్టచివర ముళ్ళకంచె వేసుకున్న దొడ్డి సువార్తమ్మది. మొగుడు పోయినాడు. మిరపకాయల కోతకు పోతూ ట్రాక్టరు ట్రాలీ మీద నుంచి పడి ఆమె మోకాలు సరిగ్గా మడతపడకుండా పోయింది. కూచుని కలుపు తీయలేదు, నాట్లు వేయలేదు. అందుకని కోళ్ళు పెంచింది. ముప్పై పైచిలుకు నాటుకోళ్ళు. ఊళ్ళో ఎవరింట్లో బాలింత ఉన్నా గుడ్లు ఆమె దగ్గరినుంచే పోయేవి. కోడిని పొదగేయాలన్నా, పిల్లలు దిగినాక వాటికి ఏం పెట్టాలన్నా ఆడవాళ్ళు ఆమెనే అడిగేవాళ్ళు. రైతుల ఇళ్ళ ఆడవాళ్ళు కూడా ఆమె కంచె బయట నిలబడి అడిగేవాళ్ళు.

మా వాళ్ళూ, వాళ్ళూ ఒకే చర్చి సంఘం. చుట్టరికం ఏమీ లేకపోయినా నేను ఆమెను అత్తా అని పిలిచేవాణ్ణి. ఆమె నన్ను అల్లుడా అనేది.

ఒకసారి నేను ఆ ఊళ్ళో గొర్రెలకు మందు తాగించడానికి పోయినప్పుడు కబురు పెట్టింది. పోయి చూస్తే పాత మేకల కొట్టంలో ఒక పెట్టను ఒంటరిగా పెట్టింది. దానికి వేరే నీళ్ళ చిప్ప, వేరే గింజల చిప్ప. పొద్దున మంచి కోళ్ళకంతా మేత వేసి, ఆఖరున దీని దగ్గరికి వస్తుందట. దీన్ని ముట్టుకున్నాక బూడిదతో చేతులు కడుక్కుని, ఆ పూటకు ఇంక మంచి కోళ్ళ దగ్గరికి పోదట.

"ఎవరు చెప్పినారు అత్తా నీకు ఇట్ల చేయాలని?"

"ఎవరు చెప్తారు. మా అమ్మ ఇట్లనే చేసేది. రోగం మనిషి కాళ్ళతోనూ చేతులతోనూ నడుస్తాదంట, కోడితో కాదంట."

కోడిని పట్టుకుని చూశాను. తోక కిందికి వాల్చి మాటిమాటికీ ముక్కుతోంది. పొట్ట కింద గట్టిగా తగిలింది. తెగులు కాదు, గుడ్డు అడ్డం పడింది. గోరువెచ్చని నీళ్ళ బొక్కెనలో కాసేపు నిలబెట్టి, నూనె రాసి, చీకట్లో గంప కింద వదిలేశాం. నేను గొర్రెల పని ముగించుకుని తిరిగొచ్చేసరికి గుడ్డు పెట్టేసి లేచి తిరుగుతోంది. సువార్తమ్మ ఆ గుడ్డు నా చేతిలో పెట్టి, ఇంటికి పట్టుకుపో అల్లుడా అంది.

ఆ కోడికి తెగులు లేదని ఈ లోకంలో ఇద్దరికి తెలుసు. ఆమెకూ, నాకూ.

తెగులు దిగిన దారి

మా వైపు కోళ్ళను తుడిచిపెట్టే జబ్బును కొక్కెర తెగులు అంటారు. ఆకుపచ్చగా, నీళ్ళుగా రెట్ట వేస్తుంది. నోరు తెరిచి గొరగొరమంటుంది. రెండు మూడు రోజులు తట్టుకున్నదైతే మెడ వెనక్కి తిరిగిపోయి గుండ్రంగా తిరుగుతూ పడిపోతుంది. ఒకసారి వచ్చాక దానికి మందు లేదు. ముందుగా టీకా వేసుకోవడం, వచ్చాక కట్టడి చేసుకోవడం, ఇవే దారులు.

గుడ్డు అడ్డం పడిన కోడిని నేను చూసిపోయిన వారం పది రోజులకు ఆ ఊళ్ళో తెగులు దిగింది. ఎలా దిగిందో నాకు తర్వాత తెలిసింది. లక్ష్మీదేవమ్మ అని ఒక రైతు భార్య, ఇంట్లో విందు కోసం సంతలో చవగ్గా వస్తున్నాయని కోళ్ళు కొనుక్కొచ్చింది. చవగ్గా ఎందుకొచ్చాయో అడగలేదు. ఎవరింట్లోనో కోళ్ళు ముడుచుకోవడం మొదలుపెడితే, చచ్చేలోగా అమ్మేసుకోవాలని సంతకు తోలుతారు. ఇది మా ప్రాంతంలో అందరూ చేసే పనే, అందరికీ తెలిసిన పనే. విందుకు పోను రెండు మిగిలితే ఆవిడ తన కోళ్ళలో వదిలింది. నాలుగు రోజుల్లో ఆ ఇంటి కోళ్ళు రాలడం మొదలైంది. చచ్చినవాటిని వాగులో పారేశారు. వాగులోంచి కుక్కలు ఊళ్ళోకి లాక్కొచ్చాయి.

సువార్తమ్మ ఈ సంగతి విన్న పొద్దున్నే తన కోళ్ళన్నిటినీ గూట్లోనూ, గంపల కిందా పెట్టి మూసేసింది. దొడ్డి వాకిలికి అడ్డంగా ముళ్ళకంప వేసేసింది. తను కూడా ఎవరింటికీ పోవడం మానేసింది. చర్చికి కూడా పోలేదట ఆ వారం. ఊరంతా కోళ్ళు పోతున్నా ఆమె దొడ్లో ఒక్కటీ ముడుచుకోలేదు.

మా డాక్టరు గారు

అప్పుడు మా ఆసుపత్రికి డాక్టరు శ్రీహరి గారు. గుంటూరు వైపు మనిషి. చెడ్డవాడు అనలేను. గేదె ఈనలేక అవస్థ పడుతుంటే బురదలో మోకాళ్ళ మీద కూచుని గంటలు గంటలు కష్టపడేవాడు. ఆయన దగ్గర నేను నేర్చుకున్నది చాలా ఉంది. కానీ కోడి ఆయన కంటికి ఆనేది కాదు. కోడంటే ఆయనకు టీకా సీసాల సంఖ్య. ఎన్ని సీసాలు వచ్చాయి, ఎన్ని ఖాళీ అయ్యాయి, అంతే.

ఆ నెల పైనుంచి కోళ్ళ టీకా సీసాలు వచ్చాయి. అవి రెండు నెలల కింద రావలసినవి. అప్పుడు వచ్చి ఉంటే ఊరు ఊరంతా బతికేది. వచ్చేసరికి వాటి గడువు దగ్గర పడింది. ఏదైనా ఒక ఊరు చూసి, అన్ని ఇళ్ళకూ వేసేసి, ఒక్కరోజులో ముగించమన్నారు. డాక్టరు గారు ఆ ఊరి పేరే చెప్పారు.

"సార్, ఆ ఊళ్ళో ఇప్పటికే తెగులు ఉంది" అన్నాను.

"ఉంటే ఇంకా మంచిది కదా దాసూ. ఊరికే కూర్చున్నామని అనిపించుకోం. పొద్దున్నే మొదలుపెడితే మధ్యాహ్నానికి అయిపోతుంది."

"పక్క ఊళ్ళల్లో లేదు సార్. ముందు వాటికి వేస్తే..."

"నాలుగు ఊళ్ళు తిరగడానికి మనకు మనుషులెక్కడున్నారు? ఒక్క ఇల్లు కూడా వదలొద్దు. నేను వచ్చి చూస్తాను."

తెగులు ఉన్న ఊళ్ళో టీకా వేయాలా వద్దా అని పెద్ద చదువులు చదివినవాళ్ళు వాదించుకుంటారు. ఆ వాదనలోకి నేను పోను. వేసేటట్టయితే మంచి కోళ్ళున్న ఇంటితో మొదలుపెట్టాలి, జబ్బు ఇంటి గడప తొక్కకూడదు, ఇంటింటికీ సూది మార్చాలి, చేతులు కడగాలి. ఇందులో వాదన లేదు. ఇది నాకు ఆ రోజు కూడా తెలుసు. తెలియక చేసిన తప్పయితే ఇది రాసేవాణ్ణే కాదు.

కంప తీసిన వాకిలి

కోళ్ళను గూళ్ళలోంచి వదలకముందే పట్టుకోవాలి కాబట్టి తెల్లారేసరికి ఆ ఊళ్ళో దిగాను. ఐసు ఫ్లాస్కు, రెండు సిరంజీలు, నాలుగు సూదులు. ఊరి మొదట్లోనే లక్ష్మీదేవమ్మ ఇల్లు. అక్కడే మొదలుపెట్టాను. బతికున్న కోళ్ళలో సగం తూలుతున్నాయి. వాటికీ వేశాను. రెక్క ఎత్తి, కింద చర్మం పట్టి, సూది గుచ్చి, పక్కన పడేయడం. ఒక ఇల్లు, ఇంకో ఇల్లు. సూదులు మొండిబారితే మార్చాను. అంతే తప్ప ఇల్లు మారిందని మార్చలేదు. నా చొక్కా మీద రెట్ట, చెప్పుల నిండా రెట్ట. పొద్దెక్కేసరికి ఫ్లాస్కులో ఐసు కరిగి నీళ్ళయింది. కలిపిన మందు రెండు గంటలు దాటితే పనిచేయదని సీసా మీదే రాసి ఉంటుంది. నేను నాలుగు గంటల కింద కలిపింది వేస్తున్నాను.

సువార్తమ్మ దొడ్డి ఊరి చివర కాబట్టి ఆఖరుకు అక్కడికి చేరాను. కంపకు అటువైపు ఆమె నిలబడి ఉంది.

"అల్లుడా, లోపలికి రావాకు" అంది. "నా కోళ్ళు మంచిగున్నాయి."

"మంచిగున్నప్పుడే వేసుకోవాల అత్తా. అందరివీ పోతాండాయి, చూస్తాండావు గదా."

"చూస్తాండ. అందుకే చెప్తాండ. నువ్వు పొద్దుటి నుంచి ఎవరెవరి ఇండ్లల్లో తిరిగినావో నీ చొక్కా చూస్తే తెలుస్తాంది. కావాలంటే రేపు రా. తలకు పోసుకుని, బట్టలు మార్చుకుని, వేరే సూది తెచ్చుకుని రా. నేనే పట్టిస్తా."

ఆమె చెప్పిన దాంట్లో ఒక్క అక్షరం తప్పు లేదు. మా డిపార్ట్‌మెంటు పుస్తకాల్లో ఉన్నది కూడా అదే. నేను ఆ మాట విని వెనక్కి తిరిగి ఉంటే సరిపోయేది. కానీ నాలుగు ఇళ్ళ వాళ్ళు నా వెనకే వచ్చి చూస్తున్నారు. డాక్టరు గారి జీపు ఊళ్ళోకి వచ్చిన చప్పుడు వినబడింది. ఒక కోళ్ళు పెంచుకునే ఆవిడ నాకు పని నేర్పుతోందని వాళ్ళనుకుంటారేమోనని నాకు ఉక్రోషం వచ్చింది.

"రేపటికి మందు ఉండదు అత్తా. నేను పరాయోణ్ణా? నీ కోళ్ళు పోవాలని నాకుంటాదా?" అన్నాను.

పరాయివాడైతే ఆమె కంప తీసేది కాదు. ఆ సంగతి నాకు తెలుసు, తెలిసే ఆ మాట వాడాను.

"మనోడివని తీస్తాండ" అంది. కంప పక్కకు లాగింది.

ఆమె ఒక్కొక్క కోడినీ గంప కిందినుంచి తీసి ఇచ్చింది. నేను అదే చేతులతో పట్టుకున్నాను, అదే సూదితో గుచ్చాను. ఒక్కదానికి కూడా జబ్బు లక్షణం లేదు. కళ్ళు తేటగా, జుట్టు ఎర్రగా, చేతిలో గట్టిగా తన్నుకున్నాయి. అంత ఆరోగ్యంగా ఉన్న కోళ్ళను ఆ రోజు ఊళ్ళో నేను వేరే చూడలేదు.

నేను చెప్పిన రెండు ముక్కలు

అయిదో రోజున సువార్తమ్మ కోళ్ళు ముడుచుకున్నాయి. పది రోజులకు దొడ్లో ఒక్క కోడి మిగిలింది. మెడ వెనక్కి తిరిగిపోయి అది కూడా గోడకు ఆనుకుని నిలబడేది. కంప వేసినప్పటి నుంచీ ఆమె దొడ్లోకి బయటివాళ్ళెవరూ పోలేదు. నేను తప్ప.

ఊళ్ళో గొడవయింది. సూది వేసినాకనే కోళ్ళు చచ్చాయని జనం పై ఆఫీసుకు అర్జీ పెట్టుకున్నారు. మార్కాపురం నుంచి పెద్ద ఆఫీసరు ఒకాయన విచారణకు వచ్చారు. బడి వరండాలో కుర్చీలు వేశారు. డాక్టరు గారు, నేను, ఊరివాళ్ళు ఓ నలభై మంది. సువార్తమ్మ వరండా మెట్టు దగ్గర, వంగని కాలు ముందుకు చాపి కూచుంది.

"టీకాతో కోళ్ళు చావవు" అని డాక్టరు గారు మొదలుపెట్టారు. "తెగులు అంతకు ముందే ఊళ్ళో ఉంది. ఎవరింట్లో మొదట కోడి జబ్బు పడిందో మీరే చెప్పండి."

లక్ష్మీదేవమ్మ లేచి నోరు విప్పింది. కావాలని చాడీ చెప్పిందని నేననుకోను. తన ఇంటి మీదికి వస్తుందన్న భయం ఉండొచ్చు. చూసిందే చెప్పింది.

"సువార్తమ్మ ఒక కోడిని మేకల కొట్టంలో పెట్టింది సార్. మా ఇంట్లో చావకముందరే. కంచెలోంచి నేను చూసినా."

సువార్తమ్మకు కోపం కూడా రాలేదు. అంత తేలిగ్గా తేలిపోయే సంగతి కదా.

"అది గుడ్డు అడ్డం పడిన కోడి సార్. గుడ్డు పెట్టి లేచి తిరిగింది. దాసు వచ్చి చూసినాడు. ఆయన్నే అడగండి."

డాక్టరు గారు నా వైపు తిరిగారు. "ఏం దాసూ, ఆ కోడిని చూశావా?"

"చూసినాను సార్."

"జబ్బుగానే ఉందా?"

"జబ్బుగానే ఉంది సార్."

రెండూ అబద్ధాలు కావు. ఆఫీసరు గారు రాసుకున్నారు. మొదటి జబ్బు కోడి ఆమె ఇంట్లోనే ఉందని, ఆమె దాన్ని దాచిందని, టీకాకు కూడా అడ్డం చెప్పిందని. డాక్టరు గారు ఇంకో ప్రశ్న అడగలేదు. నేను ఇంకో మాట చెప్పలేదు.

సువార్తమ్మ నా మొహం వైపే చూస్తూ కూచుంది. మిగతాది కూడా చెబుతానని ఎదురుచూసింది. ఆఫీసరు గారు కలం మూసి జేబులో పెట్టుకునేదాకా చూసింది. తర్వాత వరండా స్తంభం పట్టుకుని లేచి, కాలు ఈడ్చుకుంటూ ఇంటికి పోయింది.

నిజం చెబితే నాకేమయ్యేది? ఉద్యోగం పోయేది కాదు. బదిలీ కూడా అయ్యేది కాదేమో. డాక్టరు గారు నాలుగు రోజులు మాట్లాడేవాడు కాదు. ఊరివాళ్ళు నన్ను ఒకమాట అనేవాళ్ళు. అంతే. ఆ మాత్రం దానికి ఒక మనిషిని పడేశాను. పెద్ద భయంతో చేసిన తప్పుకు మనసు ఏదో ఒక సాకు వెతుక్కుంటుంది. ఇంత చిన్న భయానికి సాకు కూడా దొరకదు.

ఆ తర్వాత

ఊరు సువార్తమ్మను గట్టిగా ఏమీ అనలేదు. అనకుండానే చేయవలసింది చేసింది. గుడ్ల కోసం, పొదిగే పెట్టల కోసం ఎవరూ ఆమె దగ్గరికి రాలేదు. మళ్ళీ మొదలుపెట్టుకుందామని నాలుగు పెట్టలు అడిగితే ఇచ్చినవాళ్ళు లేరు. తన కోళ్ళ రోగం ఊరికంతా అంటించి ఏమీ ఎరగనట్టు దొడ్డి మూసుకుని కూచుందని ఒక మాట పుట్టింది. ఆ మాట నా కళ్ళ ముందే పెరిగింది. ఆ ఊరికి పనిమీద పోయిన ప్రతిసారీ విన్నాను.

కూలికి పోలేదు, కోళ్ళు లేవు. దోర్నాలలో శ్రీశైలం రోడ్డు మీద ఒక హోటల్లో అంట్లు తోమడానికి పోయింది. యాత్రికుల బస్సులు ఆగే చోటు. పొద్దస్తమానం నిలబడి చేసే పని. ఒకసారి నేను మందుల పనిమీద అటు పోయి, తెలియక అదే హోటల్లోకి అడుగుపెట్టాను. తొట్టి దగ్గర ఆ కాలిని ఇటుక మీద ఆనించి నిలబడి గిన్నెలు కడుగుతోంది. నన్ను చూసింది.

"బాగుండావా అత్తా?" అన్నాను.

"బాగుండా సార్" అంది.

అంతకు ముందు ఎప్పుడూ నన్ను సార్ అనలేదు. టీ తాగకుండానే బయటికి వచ్చేశాను.

ఆ తర్వాత నేను కోళ్ళ విషయంలో చాదస్తుణ్ణి అయ్యాను. జబ్బు ఉన్న ఇంటికి ఆఖరున పోయేవాణ్ణి. పోయాక ఆ రోజు ఇంకో దొడ్డి తొక్కేవాణ్ణి కాదు. చచ్చిన కోడిని వాగులో వేస్తే తిట్టేవాణ్ణి. లోతుగా గుంట తీయించి, సున్నం చల్లించి పూడ్పించేవాణ్ణి. సంతలో కొన్న కోడిని రెండు వారాలైనా వేరుగా కట్టేయమని ఇంటింటికీ చెప్పేవాణ్ణి. కొత్త డాక్టర్లు నవ్వేవాళ్ళు. మీరు కూడా ఇవన్నీ చేయండి. వేసవి రాకముందే టీకాల కోసం పైవాళ్ళను పీడించండి. ఇంటామె గంప పట్టుకుని వస్తే ముందు పిలవండి, ఇంట్లో ఇంకెన్ని ఉన్నాయని అడగండి. గడప లోపలికి రావద్దని ఎవరైనా అంటే ఆగండి. వాళ్ళకు మీకంటే ఎక్కువ తెలిసి ఉండొచ్చు.

ఇవన్నీ చేసినందుకు నన్ను మంచివాడని అన్నవాళ్ళున్నారు. ఆ మాట విన్న ప్రతిసారీ నాకు ఒళ్ళు మండేది. ఎవరి కోళ్ళ మీద నేర్చుకున్నానో వాళ్ళకు తెలియదు కదా.

సాక్ష్యం

రిటైరయ్యాక కూడా నాలుగేళ్ళు పట్టింది నేను ఆ ఊరికి పోవడానికి. సువార్తమ్మ దోర్నాల నుంచి తిరిగొచ్చేసి పింఛనుతో బతుకుతోంది. గడప మీద కూచుని చాటలో కందిపప్పు ఏరుతోంది. కంచె లేదు, దొడ్డి అంతా సర్కారు తుమ్మ మొలిచింది.

నిలబడే అన్నీ చెప్పాను. సూది సంగతి, చేతుల సంగతి, ఐసు కరిగిన సంగతి, బడి వరండాలో నిజం మింగేసిన సంగతి. ఆమె ఏరడం ఆపలేదు.

"ఇది నాకెందుకు చెప్తాండారు సార్? నాకు తెలిసిందే గదా" అంది.

"తప్పు ఒప్పుకుందామని వచ్చినా అత్తా."

"నా దగ్గర ఒప్పుకుంటే ఏం లాభం? నన్ను అనింది నేను కాదు గదా. అన్నోళ్ళ ముందర చెప్పండి. ఆదివారం చర్చికి రాండి, సాక్ష్యాలు చెప్పే వేళకి."

పోయాను. పాటలయ్యాక పాస్టరు గారు ఎవరైనా సాక్ష్యం చెప్పేవాళ్ళుంటే లేవమన్నారు. లేచాను. ముప్పై మంది దాకా ఉన్నారు. ఎక్కువమంది కుర్రవాళ్ళు, ఈమధ్య కోడళ్ళుగా వచ్చినవాళ్ళు. ఆ రోజు బడి వరండాలో ఉన్న మొహాల కోసం వెతికాను. ఇద్దరో ముగ్గురో కనబడ్డారు. లక్ష్మీదేవమ్మ వేరే మతం, ఇక్కడికి రాదు. ఆమె పోయి కూడా చాలా ఏళ్ళయిందని తర్వాత తెలిసింది.

ఏదీ దాచకుండా చెప్పాను. ఫలానా సంవత్సరం ఈ ఊళ్ళో కోళ్ళు పోయినప్పుడు సువార్తమ్మ ఇంటి కోడితో తెగులు రాలేదు, ఆమె ఇంటికి తెగులు తీసుకుపోయింది నేనే, తెలిసీ నోరు మూసుకున్నాను అని చెప్పాను. కుర్రవాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఏ కోళ్ళో, ఏ తెగులో వాళ్ళకు అంతుపట్టలేదు. వెనక ఎవరో స్తోత్రం అన్నారు. పాస్టరు గారు, ఈ సహోదరుడి ఒప్పుకోలును దేవుడు అంగీకరించును గాక అని, తర్వాతి పాట నంబరు చెప్పారు.

సువార్తమ్మ గోడవార కుర్చీలో కూచుని ఉంది. నేను మాట్లాడినంతసేపూ ఒక్కొక్క మొహాన్నీ వరసగా చూసింది. పాట మొదలయ్యాక పుస్తకం తెరిచింది.

ప్రార్థన అయ్యాక బయట ఆమె దగ్గరికి పోయాను. చేతికర్ర సరిచేసుకుంటోంది.

"చెప్పినారు" అంది. "అప్పుడు చెప్పింటే నాకు పనికొచ్చేది."

అని రోడ్డెక్కి తన ఇంటివైపు నడిచింది.

నేను అక్కడే నిలబడిపోయాను. చంకలో బిడ్డనెత్తుకున్న ఒక అమ్మాయి వచ్చింది. కిందటేడే కోడలిగా వచ్చిందట ఆ ఊరికి.

"సార్, మీరు పశువుల డాక్టరంట గదా. మా పెట్ట ఒకటి రెండు దినాల నుంచి ముడుచుకుని కూచుంటాంది. ఏం చేయాల?"

మిగతావాటి నుంచి వేరు చేశావా అని అడిగాను. లేదంది. వెంటనే వేరు చేయమన్నాను. తర్వాత రోడ్డు మీద పోతున్న సువార్తమ్మను చూపించి, నీ పెట్టను ఆమెకు చూపించు తల్లీ అన్నాను.

ఆ అమ్మాయి అటు చూసింది, మళ్ళీ నా వైపు చూసింది.

"ఆ కుంటి అవ్వనా సార్? ఆమెకు కోళ్ళ సంగతి ఏం తెలుసు?"